పర్లాకిమిడి నుంచి బరంపురానికి ఇంటి సామాను: రసీదు రాసిచ్చిన ఒక చిన్న రవాణా సంస్థ

నాన్నగారి వైద్యం కోసం నెలకు రెండుసార్లు బరంపురంలోని ఎం.కె.సి.జి. ఆసుపత్రికి తిరగడం కష్టమైపోవడంతో, నలభై ఏళ్ళుగా అమ్మానాన్నలు కాపురమున్న ఒడిశాలోని పర్లాకిమిడి ఇంటిని ఖాళీ చేసి బరంపురానికి మారిపోవాలని ఈ ఏడాది మొదట్లో నిర్ణయించుకున్నాము. అక్కడ అద్దె ఇల్లు పది రోజులలో దొరికింది. ఆ ఇంటికి సామాను చేర్చేవారిని వెతకడానికి మాత్రం నెల పట్టింది. ఆ నెలలో నలుగురితో బేరాలాడి, ఇద్దరి ఆఫీసులకు స్వయంగా వెళ్ళి చూసి, చివరికి బరంపురంలోని ఒక చిన్న రవాణా సంస్థకు పని అప్పగించాము. ఈ సమీక్ష వారి పనితనం గురించే అయినా వారి పేరు రాయడం లేదు. రాయవద్దని యజమానే అన్నారు. తన దగ్గర ఉన్నవి రెండు బండ్లు, ఎనిమిది మంది కలాసీలు మాత్రమేననీ, నెలలో పది ఇళ్ళకు మించి ఒప్పుకుంటే మాట నిలబెట్టుకోలేననీ ఆయన భయం. పేరు లేకపోయినా వారు పని ఎలా చేశారో, అలాంటివారిని ఎలా పోల్చుకోవచ్చో చెప్పడానికి అడ్డేమీ లేదు.

నేను ఇంత పట్టుపట్టి వెతకడానికి ఒక పాత అనుభవం కారణం. ఆరేళ్ళ కిందట రాయగడ నుంచి పర్లాకిమిడికి బదిలీ అయినప్పుడు, కరెంటు స్తంభానికి అంటించిన కాగితం మీది నంబరుకు ఫోను చేసి, వచ్చిన మొదటి మనిషికే సామాను అప్పగించాను. సాయంత్రానికి రావలసిన బండి మర్నాడు మధ్యాహ్నం వచ్చింది. డ్రైవరు దిగీ దిగకముందే, గుణుపురం దారి బాగాలేక చుట్టూ తిరిగి వచ్చామని, మరో 6,000 రూపాయలు ఇస్తే గాని తాళ్ళు విప్పేది లేదని తేల్చి చెప్పాడు. పరుపులు, పొయ్యి, పిల్లల పుస్తకాలు అన్నీ ఆ బండిలో ఉన్నాయి. వీధిలో నిలబడి గంటసేపు వాదించి, చివరికి 4,000 రూపాయలు ఇచ్చి దింపించుకుంటే, ఫ్రిజ్ తలుపు సొట్టపడి ఉంది. ఎవరి మీద ఫిర్యాదు చేయాలో ఆలోచిస్తే, నా చేతిలో ఉన్నది ఒక విజిటింగ్ కార్డు, దాని వెనక బాల్‌పెన్నుతో రాసిన ఒక అంకె. సామాను ఎన్ని వస్తువులో, ఎంత విలువో, ఎవరు ఎవరికి అప్పగించారో తెలిపే కాగితం ఏదీ లేదు. అందుచేత ఈసారి కాగితం రాసిచ్చేవారినే వెతకాలని, కిరాయి సంగతి ఆ తరవాతనే చూడాలని ముందుగానే అనుకున్నాను.

లైసెన్సు ఉందా అని అడిగితే లేదన్నవారు నాకు ఒక్కరూ తగలలేదు. ఒకరు పురపాలక సంఘం ఇచ్చిన వ్యాపార లైసెన్సు చూపించారు. అది ఆ గదిలో దుకాణం నడుపుకోవడానికి అనుమతి మాత్రమే, రోడ్డు మీద పరాయివారి సామాను మోయడానికి కాదు. మరొకరు జి.ఎస్.టి. నమోదు పత్రం చూపించారు. దానికి సంబంధం పన్నుతోనే. ఇంకొకరి కార్డు మీద ఐ.ఎస్.ఓ. 9001 అని బంగారు రంగులో మెరిసిపోతున్నది. అది సంస్థ లోపలి నిర్వహణ పద్ధతిని పరిశీలించి ఇచ్చే ధ్రువపత్రమే గాని ప్రభుత్వం ఇచ్చే అనుమతి కాదు. ‘ఐ.బి.ఎ. ఆమోదం పొందినది’ అన్న మాట కూడా చాలా కార్డుల మీద కనబడింది. ఇండియన్ బ్యాంక్స్ అసోసియేషన్ తాను సిఫారసు చేసే రవాణా సంస్థల జాబితా ఒకటి నిర్వహించే మాట నిజమే. అయితే అది లారీ రసీదుల మీద బ్యాంకులు వ్యాపారులకు డబ్బు సర్దేటప్పుడు చూసుకోవడానికి పుట్టిన జాబితా. బదిలీ ఖర్చులు ఆఫీసు నుంచి రాబట్టుకోవలసిన ఉద్యోగులను కొన్ని కార్యాలయాలు ఆ జాబితాలోని సంస్థ బిల్లే తెమ్మంటాయి కనుక ఆ మాటకు ఇంత గిరాకీ వచ్చింది. నేను అడిగిన సంస్థ ఆ జాబితాలో ఎక్కడుందో చూపించమంటే, ఆ కార్డు ఇచ్చినాయన మరి ఫోను ఎత్తలేదు.

చట్టం అడిగే కాగితం వేరే ఉంది. 1865 నాటి పాత క్యారియర్స్ చట్టం స్థానంలో వచ్చిన క్యారేజ్ బై రోడ్ చట్టం, 2007 ప్రకారం, అడిగినవారందరి సరుకునూ కిరాయికి మోటారు బండ్ల మీద చేరవేసే వ్యాపారం చేసేవారు కామన్ క్యారియర్‌గా రవాణా అధికారుల దగ్గర నమోదు చేయించుకోవాలి. ఈ చట్టం 2011లో అమలులోకి వచ్చింది. నమోదు పదేళ్ళు చెల్లుతుంది. ఆ ధ్రువపత్రాన్ని ప్రధాన కార్యాలయంలోను, ప్రతి శాఖలోను అందరికీ కనబడేచోట పెట్టాలని కూడా చట్టంలో ఉంది. ప్యాకర్స్ అండ్ మూవర్స్ అన్న పేరుతో కేంద్ర చట్టంలో వేరే లైసెన్సు ఏదీ లేదు. కనుక నేను వెళ్ళిన రెండు ఆఫీసులలోనూ ముందు గోడలు చూశాను. ఒకచోట దేవుడి పటం, క్యాలెండరు మాత్రమే కనబడ్డాయి.

మొదటి బేరం ఫోనులోనే తెమిలిపోయింది. ఒక వెబ్‌సైటులో రెండు ఊళ్ళ పేర్లు, నా నంబరు నింపిన పావుగంటలో ఏడు ఫోన్లు వచ్చాయి. అందరికన్నా తక్కువ చెప్పినాయన 11,000 రూపాయలకు మొత్తం పని చేయిస్తానని, తమది బరంపురం సంస్థేనని, వెంటనే 5,000 పంపితే తేదీ ఖాయమని అన్నాడు. జి.ఎస్.టి. నంబరు అడిగి తీసుకున్నాను. ఆ పదిహేను అక్షరాలలో మొదటి రెండు అంకెలు రాష్ట్రాన్ని, తరవాతి పది అక్షరాలు పాన్ నంబరును తెలుపుతాయి. ఒడిశాకు 21, ఆంధ్రప్రదేశ్‌కు 37. ఈయన నంబరు 36తో మొదలయింది, అంటే తెలంగాణలో నమోదైనది. జి.ఎస్.టి. పోర్టల్‌లో ఆ నంబరు వేసి చూస్తే, సంస్థ పేరు కూడా ఆయన చెప్పిన పేరు కాదు. వేరే రాష్ట్రంలో నమోదైనంత మాత్రాన మోసమని అనలేము. కాని బరంపురం సంస్థ అని చెప్పి, వేరే ఊరి నంబరు ఇచ్చి, డబ్బు మాత్రం ఒక వ్యక్తి సొంత ఖాతాకు పంపమనేవాడు రేపు ఏ బండిని పంపుతాడో ఆయనకే తెలియదు. ఇలాంటివారు చాలామంది పని పట్టుకొని మరొకరికి అమ్ముకునే మధ్యవర్తులే.

రెండో బేరం మా ఊళ్ళోనే. బండి ఆయన సొంతం, మనిషి నెమ్మదస్తుడు, మా నాన్నగారి దగ్గర చదువుకున్నవాడు కూడాను. అడిగింది 14,500, దాని మీద ‘బోర్డరు ఖర్చులు, ఈ-వే బిల్లు’ (సరుకు రవాణాకు జి.ఎస్.టి. కింద తీసే పత్రం) అని మరో 1,200. ఇక్కడ మా ఊరి విడ్డూరం ఒకటి చెప్పాలి. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడినప్పుడు పర్లాకిమిడి ఈ పక్కకు వచ్చింది, కూతవేటు దూరంలోని పాతపట్నం ఆ పక్కన ఉండిపోయింది. అప్పటి నుంచి మేము మా రాష్ట్రంలోని బరంపురానికి తిన్నగా పోవాలంటే పక్క రాష్ట్రంలోంచే పోవాలి. పాతపట్నం, టెక్కలి మీదుగా 16వ నంబరు జాతీయ రహదారి ఎక్కి, పలాస, కంచిలి, ఇచ్ఛాపురం దాటితే గిరిసోల దగ్గర మళ్ళీ ఒడిశా వస్తుంది. ఆంధ్రలో అడుగు పెట్టకుండా పోవాలంటే ఆర్. ఉదయగిరి, మోహన మీదుగా కొండ దారి ఉంది గాని, అద్దాల బీరువాలతో ఆ మలుపులు తిరగమని ఎవరికీ చెప్పలేము.

ఈ భూగోళానికి ఒక చట్టపరమైన చిక్కు కూడా ఉంది. బయలుదేరే చోటు, చేరే చోటు ఒకే రాష్ట్రంలో ఉండి, మధ్యలో పక్క రాష్ట్రంలో నడిచే దూరం 16 కిలోమీటర్లు మించకపోతే సొంత రాష్ట్రపు పర్మిట్ సరిపోతుందని మోటారు వాహనాల చట్టం చెబుతుంది. మా దారిలో ఆంధ్రలో నడిచే దూరం దానికి ఎన్నో రెట్లు. మొత్తం బరువు 3,000 కిలోలు దాటని చోటా హాథీ లాంటి చిన్న బండ్లకు పర్మిట్ గొడవ లేదు. కాని మా సామానుకు పద్నాలుగు అడుగుల ఐషర్ లారీ కావాలి, దానికి నేషనల్ పర్మిట్ ఉండాలి. బండి నంబరును, బండ్ల వివరాలు చూపే ప్రభుత్వ ఎం-పరివాహన్ యాప్‌లో వేసి చూస్తే నేషనల్ పర్మిట్ కనబడలేదు. అడిగితే ఆయన దాచలేదు. ‘రాత్రిపూట పోతే ఎవరూ ఆపరు బాబూ, ఇన్నేళ్ళుగా పోతూనే ఉన్నాం’ అన్నాడు. ఇక ఆ 1,200 సంగతి: వాడిన ఇంటి సామానుకు ఈ-వే బిల్లు అక్కరలేదని జి.ఎస్.టి. నియమాలలోనే మినహాయింపు ఉంది, 2017లో జి.ఎస్.టి. వచ్చాక అమ్మకపు పన్ను చెక్‌పోస్టులు కూడా ఎత్తేశారు. ఆయన మనసులో మోసం ఉందని అనుకోను, పాత అలవాటుగా అడుగుతున్నాడు. అయినా మధ్య దారిలో బండి ఆగిపోతే, ఆసుపత్రి మనిషితో కొత్త ఇంట్లో వట్టి నేల మీద కూర్చోవలసింది మేము. నాన్నగారికి ఇష్టం లేకపోయినా ఆ బేరం వదులుకున్నాము.

చివరికి కుదిరిన సంస్థ ఆఫీసు బరంపురంలో ఒక సందులో, రెండు గోదాముల మధ్య ఉంది. లోపల ఒక బల్ల, మూడు కుర్చీలు, పైకప్పు దాకా పేర్చిన అట్టల కట్టలు. నేను వెతుకుతున్న కాగితం తలుపుకు ఎదురుగానే, చట్రంలో బిగించి ఉంది. నంబరు, గడువు తేదీ రాసుకున్నాను. యజమాని అభ్యంతరం చెప్పలేదు సరికదా, ఇరవై ఏళ్ళ వ్యాపారంలో దాన్ని ఆగి చదివినవారు నలుగురైదుగురు కూడా ఉండరని నవ్వారు. ఆయన మాతృభాష ఒడియా. తెలుగు మా కన్నా నింపాదిగా, ఒక్కొక్క మాట తూచి మాట్లాడతారు. ఫోనులో ధర చెప్పనన్నారు, ఫొటోలు పంపినా చెప్పనన్నారు. రెండు రోజుల తరవాత ఆయనే బస్సెక్కి పర్లాకిమిడి వచ్చారు.

ఆ రాక వల్లనే నాకు ఈ సంస్థ మీద గురి కుదిరింది. ఇంట్లోకి రాకముందు ఆయన వీధి మొదట్లో నిలబడి, అక్కడి నుంచి మా అరుగు దాకా అడుగులు లెక్కపెట్టారు. ఐషర్ మా వీధిలోకి రాదని, మలుపు దగ్గర కరెంటు తీగ కిందికి ఉందని, అక్కడి నుంచి తొంభై అడుగులు సామాను మోయాలని, దానికి ఒక కలాసీ ఎక్కువ కావాలని లెక్క వేసుకున్నారు. వెబ్‌సైటువారికి ఈ వీధి గురించి ఎప్పటికీ తెలియదు. బండి వచ్చిన తరవాత తెలిసి, అప్పుడు అదనపు డబ్బు అడిగేవారు. ఇంట్లో అటక మీదివి కూడా దింపించి చూశారు. ‘మాస్టారూ, ఈ పుస్తకాలన్నీ తెస్తారా’ అని నాన్నగారిని అడిగి, తెస్తామంటే పుస్తకాలకు చిన్న పెట్టెలే వాడాలని రాసుకున్నారు, పెద్ద పెట్టెలో పుస్తకాలు నింపితే అడుగు ఊడిపోతుందట. గ్యాస్ సిలిండర్‌ను బండిలో ఎక్కించబోమని అప్పుడే చెప్పేశారు. దాన్ని మేము డీలరుకు అప్పగించి, కొత్త ఊళ్ళో కనెక్షన్ తీసుకోవడానికి బదిలీ వోచర్ రాయించుకున్నాము.

కిరాయి 9,000, ప్యాకింగ్ 4,200, ఎక్కించి దించే కూలి 3,800, వెరసి 17,000. దాని మీద 18 శాతం జి.ఎస్.టి. 3,060, మొత్తం 20,060 రూపాయలు. వెబ్‌సైటు ధరకు ఇంచుమించు రెట్టింపు. అమ్మ ఈ అంకె విని రెండు రోజులు మాట్లాడలేదు. బయానా 4,000, మిగిలినది సామాను దిగాక అని అదే కాగితం మీద రాసి, సంతకం పెట్టి ఇచ్చారు.

ఆ తరవాత వచ్చినవి అసలు కాగితాలు. మొదటిది సరుకు అప్పగించేవారు నింపవలసిన గూడ్స్ ఫార్వర్డింగ్ నోట్. అందులో సామాను వివరం, విలువ మనమే ప్రకటించాలి. రెండోది దానికి బదులుగా రవాణాదారు ఇచ్చే గూడ్స్ రిసీట్, లారీ వాళ్ళ మాటలో బిల్టీ. ఎన్ని పెట్టెలు, ఏ స్థితిలో తీసుకున్నారు అన్నదానికి అదే సాక్ష్యం. విలువ గడి దగ్గర నేను 2,60,000 అని రాయబోతుంటే ఆయన చేయి అడ్డం పెట్టి ఒక మాట చెప్పారు. మామూలు కిరాయికి తీసుకున్న సామాను పోయినా పాడైనా, రవాణాదారు బాధ్యత కిరాయికి పది రెట్లు దాటదు, ప్రకటించిన విలువనూ దాటదు. అంటే మా 9,000 కిరాయికి 90,000 రూపాయలే హద్దు. ఎక్కువ బాధ్యత కావాలంటే ఎక్కువ కిరాయి రాసుకోవాలి, లేదా బీమా వేరే చేయించుకోవాలి. ఈ సంగతి ఆయన చెప్పకపోతే నాకు తెలిసేది కాదు. చెప్పకుండా ఉండడమే ఆయనకు లాభం. అందుకే ఈ సమీక్షలో ఎక్కువ మార్కులు ఇక్కడే వేస్తున్నాను.

బీమా గురించి కూడా ఒక మాట. చాలామంది ‘రిస్క్ కవరేజీ 3 శాతం’ అని బిల్లులో కలిపేసి దాన్నే బీమా అంటారు. అది రవాణాదారు తన నోటిమాటకు తీసుకునే రుసుము. నిజమైన బీమా అయితే బీమా కంపెనీ ఇచ్చిన పాలసీ మన పేరున, పాలసీ నంబరుతో చేతికి రావాలి. మేము టి.వి., ఫ్రిజ్, వాషింగ్ మెషిన్, బీరువాలకు అలాంటి పాలసీ ఒక బీమా ఏజెంటు ద్వారా తీసుకున్నాము.

సామాను ఎక్కించే రోజు పొద్దున ఆరింటికి రావలసిన బండి పదకొండింటికి వచ్చింది. ముందు రోజు పని ఛత్రపురంలో ఆలస్యమైందని యజమాని తెల్లవారుజామునే ఫోను చేసి చెప్పారు. చెప్పినంత మాత్రాన ఆలస్యం ఆలస్యం కాకుండా పోదు. పాలు తాగి, వంటగది కట్టేసి, ఖాళీ ఇంట్లో ఐదు గంటలు కూర్చున్నాము.

పని మొదలయ్యాక మాత్రం వంక పెట్టడానికి లేకపోయింది. ఐదుగురు వచ్చారు. వారిలో పెద్దవాడైన కలాసీ ఎవరితోనూ మాట్లాడకుండా నేరుగా వంటగదిలోకి పోయి, ముందు పింగాణీ వస్తువులు చూశాడు. అమ్మ ఆవకాయ జాడీ, అయిదు కిలోలది, నిండుగా ఉంది. నూనె వస్తువులు ఎక్కించరని విన్నాము కనుక దాన్ని కారులో తీసుకుపోదామని అనుకున్నాము. అతను జాడీని చేత్తో తట్టి చూసి, వాసెన గుడ్డ ఊడదీయించి, దాని కింద పాలిథిన్ కాగితం రెండు పొరలు వేయించి, అమ్మ చేతనే మళ్ళీ వాసెన కట్టించాడు. ఇత్తడి గంగాళంలో అడుగున వరిగడ్డి చుట్ట పరిచి, దాని మీద జాడీ దించి, చుట్టూ గడ్డి కూరి, అటూ ఇటూ ఊపి చూసి, కదలనప్పుడు తల ఊపాడు. గంగాళం డ్రైవరు సీటు వెనక నిలబెట్టాడు. ‘అమ్మగారూ, ఇది పైన పెడితే పడుతుంది, కింద పెడితే నలుగుతుంది’ అన్నాడు. బుడగల షీట్లు, స్ట్రెచ్ ఫిల్ము అన్నీ బండిలో ఉండగా జాడీకి గడ్డినే నమ్మడం నాకు నచ్చింది. బీరువా అద్దానికి దుప్పటి, దాని మీద అట్ట, దాని మీద తాడు. ఫ్రిజ్‌ను ముందు రోజే ఆపి మంచు కరిగించి ఉంచమని చెప్పారు, అలాగే చేశాము. ప్రతి పెట్టె మీద నంబరు వేసి, అదే నంబరు బిల్టీ వెనక జాబితాలో రాశారు. మొత్తం 61.

దారి గురించి చెప్పడానికి ఎక్కువేమీ లేదు. నేషనల్ పర్మిట్ ఉన్న బండి, పసుపు నంబరు పలక, కాగితాలు డ్రైవరు దగ్గర ఒకే కవరులో. గిరిసోల దగ్గర ఆపి, పర్మిట్, సామాను జాబితా చూసి పంపేశారట. ‘బోర్డరు ఖర్చు’ అన్న మాట ఎవరి నోటా రాలేదు.

రాత్రి తొమ్మిదింటికి బరంపురం చేరి, పదకొండింటికి దించడం అయింది. కొత్త ఇంటి యజమాని చప్పుడుకు విసుక్కున్నారు; మొదటి రోజే ఆ మాట పడవలసి రావడం పొద్దుటి ఆలస్యం ఫలితమే. జాబితా ప్రకారం ఒక్కొక్క నంబరూ సరిచూసుకున్నాను. రెండు లోపాలు తేలాయి. పర్లాకిమిడి పనివారు కొమ్ముతో చెక్కిన కొంగల జత ఒకటి మా గూట్లో ముప్ఫై ఏళ్ళుగా ఉంది. రెండు కొంగలనూ ఒకే పెట్టెలో, ఒకదానికొకటి ఆనించి చుట్టారు. విప్పి చూస్తే ఒక కొంగ ముక్కు సగానికి విరిగి, బుడగల షీటులో పుల్లలా దొర్లుతున్నది. జాడీకి చూపిన శ్రద్ధలో నాలుగో వంతు చూపినా ఇది తప్పేది. అంతకన్నా ఇబ్బంది పెట్టినది రెండో లోపం. నాన్నగారి మంచం విడదీసినప్పుడు బోల్టులు వేసిన గుడ్డ సంచి కనబడలేదు.

డ్రైవరు సంతకం పెట్టమన్న బిల్టీ ప్రతి మీద, సంతకానికి పైన, ‘కొమ్ము కొంగ ఒకటి ముక్కు విరిగినది, మంచం బోల్టుల సంచి అందలేదు’ అని తేదీతో సహా రాశాను. అలా రాస్తే తనకు మాట వస్తుందని అతను కాసేపు తటపటాయించాడు. యజమానికి ఫోను చేస్తే, రాయనివ్వమన్నారు. సామాను పోయినా పాడైనా, బుక్ చేసిన తేదీ నుంచి 180 రోజులలోగా రవాణాదారుకు రాతపూర్వకంగా నోటీసు ఇవ్వకపోతే తరవాత దావా వేయడానికి వీలుండదని ఆ క్యారేజ్ బై రోడ్ చట్టంలోనే ఉంది. ఆ నోటీసుకు బలం ఇచ్చేది దిగిన రాత్రి రాసిన ఇలాంటి ఒక్క వాక్యమే. మాటతో తేలకపోతే 1915 నంబరుకు ఫోను చేసి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైనులో చెప్పుకోవచ్చు. చెల్లించిన సొమ్ము 5 లక్షలలోపు అయితే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదుకు రుసుము కూడా లేదు. మాకు అంత దూరం పోవలసిన అవసరం రాలేదు. మర్నాడు యజమాని స్వయంగా వచ్చి, కొంగను చూసి, దాని వెల ఎంతని అడిగి, నేను చెప్పిన 1,500 రూపాయలను బాకీలోంచి తగ్గించుకోమన్నారు. 16,060 ఇవ్వవలసిన చోట 14,560 ఇచ్చి బిల్లు తీసుకున్నాను.

బోల్టుల సంచి మాత్రం రెండు రోజులకు, బండి సీటు కింద దొరికిందని చెప్పి పంపించారు. ఆ రెండు రాత్రులూ నాన్నగారు నేల మీద పరుపు వేసుకుని పడుకున్నారు. మోకాళ్ళ నొప్పులున్న మనిషిని నేల మీది నుంచి లేపడం ఎంత కష్టమో ఆ ఇంట్లో ఉన్నవారికే తెలుసు. దీనికి ఆయన క్షమించమన్నారు గాని, డబ్బు రూపంలో ఏమీ తగ్గించలేదు, నేనూ అడగలేదు. విప్పిన బోల్టులను ఆ మంచం కోడుకే కట్టేయాలన్నది ఏ కలాసీకైనా మొదటి రోజే నేర్పవలసిన పని. కూలి బిల్లులోనే ఉన్నా కలాసీలు దిగాక 500 అడిగారు. టీ ఖర్చులకు 200 ఇచ్చాము. ఇది అందరూ చేసేదే కనుక దీన్ని తప్పుగా లెక్కపెట్టడం లేదు.

వేళకు రావడంలో వారికి పదికి నాలుగు వేస్తాను, సామాను కట్టడంలో ఏడు, కాగితాలలో తొమ్మిది. ఆ తొమ్మిది కోసమే మిగతా వాటిని సర్దుకున్నాను. కాగితాలు సరిగా ఉండబట్టే విరిగిన ముక్కు గురించి వీధిలో నిలబడి అరవకుండా, కుర్చీ వేసి కూర్చోబెట్టి మాట్లాడుకోగలిగాము. డబ్బు గురించి అమ్మ ఇప్పటికీ ఒప్పుకోలేదు. జాడీ గురించి మాత్రం కొత్త ఇంటి పక్కవాళ్ళకు రెండుసార్లు చెప్పింది.

వచ్చే నెలలో తమ్ముడి సామాను రాయగడ నుంచి రావలసి ఉంది. మళ్ళీ వారికే చెప్పాము. సర్వేకు తానే వస్తానని, ఈసారి బండి వేళ తెల్లవారి నాలుగింటికే పెట్టుకుంటానని యజమాని అన్నారు. పెద్ద కలాసీనే పంపమని, మంచం విప్పేటప్పుడు పక్కన తమ్ముడు నిలబడతాడని నేను చెప్పాను.